ప్రకటనలు ఆపబోయి సుజాత ఉద్యోగానికి అడ్డుపడిన వైనం

ముందే చెబుతున్నాను, ఇది నేను ఇంటికి మేలు చేయబోయి మా ఇంటామె ఉద్యోగాన్ని గంటన్నర సేపు గాలిలో వేలాడదీసిన కథ. ఇందులో ఇల్లు కాలలేదు, ఎవరి కాలూ విరగలేదు. నాదైనా విరిగి ఉంటే బాగుండేది, కాస్త సానుభూతి దక్కేది. నాకు దక్కింది వేరు. చదివాక మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. మా బాపు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

నా పేరు మల్లేశ్. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సామాన్ల బండ్లు లాగే ట్రాక్టర్లూ, విమానానికి ఆనించే మెట్ల బండ్లూ ఎప్పుడూ నడిచే స్థితిలో ఉండేలా చూసే సూపర్‌వైజర్‌ని. మా పనిలో కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది ఒకటే: ప్రతిదానికీ స్టాండ్‌బై ఉండాలి. ఒక ట్రాక్టరు మొరాయిస్తే రెండోది పక్కనే సిద్ధంగా ఉండాలి. పదిహేనేళ్లు ఈ పని చేశాక ఆ అలవాటు జబ్బులా ఒంట్లోకి దిగిపోయింది. మా ఇంట్లో రెండు టార్చిలైట్లు, రెండు ఇస్త్రీపెట్టెలు, రెండు అలారం గడియారాలు ఉన్నాయి. నా పెండ్లికి రెండు బ్యాండు మేళాలు మాట్లాడాను, ఒకటి ఎగ్గొడితే ఇంకొకటి ఉంటుందని. రెండూ వచ్చాయి. రెండూ వాయించాయి. ఎవరు ముందు పాట ఎత్తుకుంటే బరాత్ వాళ్ళ వెనక పోయింది. గుర్రం మాత్రం ఎటు పోవాలో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోయింది, దాని మీద నేనున్నాను.

ఆ గుర్రం దిగి నేను ఇంటికి తెచ్చుకున్న మనిషి సుజాత. పెండ్లికి ఏడాది ముందు నుంచే టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేసేది. బిడ్డ పుట్టాక మానేసింది. "పాప బడికి పోయినంక చూద్దాం" అన్నాం. పాప బడికి పోయింది. "జర పెద్దగయినంక చూద్దాం" అన్నాం. పాప ఐదో తరగతికి వచ్చింది. ఇగ ఎవరినీ అడగకుండా సుజాత ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సహాయ డెస్కు నడిపే ఒక సంస్థకు తనంతట తానే దరఖాస్తు పెట్టింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, మా ఇంట్లో కిరాయికుండే యూసుఫ్ భాయ్ ఇంటివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ దక్కనీ, నాలుగు భాషలు వచ్చు ఆమెకు. వంటింట్లో కుక్కరుతో మాట్లాడుతూ సాధన చేసేది. "సర్, మీ గేటు మారింది, దయచేసి కంగారు పడకండి" అని కుక్కరుకు చెప్పేది. అది విజిలు వేస్తే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పేది. తలుపు చాటు నుంచి వింటూ నేను గర్వపడేవాణ్ణి. ఆమె పదేళ్లుగా ఎదురుచూసిన అవకాశం ఇది, అది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెబుతాను.

అసలు గొడవ ఫోన్లలో వచ్చే ప్రకటనలతో మొదలైంది. మా అమ్మకు ఫోన్లో పంచాంగం చూసే అలవాటు. రాహుకాలం వచ్చిందో లేదో చూద్దామని తెరిస్తే ముందు మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వచ్చేది. అది అయిపోయేసరికి రాహుకాలం వచ్చేసేది. మా బాపు పులి-మేక ఆట ఆడతాడు, అదీ ఫోన్లోనే. ఆయన ఎత్తు వేయబోయిన ప్రతిసారీ ఏదో ఒక ప్రకటన అడ్డం పడేది. ఇద్దరి బాధా చూడలేక, ఇంటి మొత్తానికి ప్రకటనలు ఆపే ఏర్పాటు చేస్తానని ప్రకటించాను. నేను చేసిన మొదటి తప్పు ఆ ప్రకటనే.

ఇప్పుడు ఒక్క నిమిషం సాంకేతికం చెబుతాను, భయపడకండి. ఫోను ఏ వెబ్‌సైటుకు పోవాలన్నా ముందు దాని చిరునామా ఎవరినో ఒకరిని అడగాలి. ఈ చిరునామాలు చెప్పే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. మామూలుగా ఆ పని ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు చేస్తారు. నేను అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఒకటి తెచ్చి ఆ పని దానికి అప్పగించాను. మంచి వెబ్‌సైటు పేరు అడిగితే చిరునామా చెబుతుంది. ప్రకటనల కంపెనీ పేరు ఎత్తితే అటువంటివాళ్ళు ఇక్కడ లేరంటుంది. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ చేసే పనే. మా ఇంట్లో దాన్ని అందరూ డబ్బా అనేవాళ్ళు. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది.

ఇంట్లో వైఫై ఇచ్చే రూటర్‌కు ఈ డబ్బా సంగతి చెప్పాలి. అందులో చిరునామాలు చెప్పేవాళ్ళ కోసం రెండు గడులు ఉంటాయి. మొదటి గడిలో నా డబ్బాను రాశాను. రెండో గడి ఖాళీగా కనిపించింది. మీరే చెప్పండి, ఎయిర్‌పోర్టు మనిషి ఖాళీ గడిని చూసి ఊరుకోగలడా? నా డబ్బా ఎప్పుడైనా ఆగిపోతే ఇంట్లో నెట్టు పోకూడదు కదా. ఊళ్ళో అందరూ వాడే మామూలు చిరునామా ఒకటి రెండో గడిలో స్టాండ్‌బైగా రాశాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నేనైతే ఆ సాయంత్రానికే మరిచిపోయాను.

మొదటిరోజు ఇంట్లో ఒక్క ప్రకటన రాలేదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాను. రెండో రోజు బాపు పిలిచాడు.

"మల్లేశ్, నీ డబ్బా బతికే ఉన్నదా?"

"ఉన్నది బాపు. ఏమైంది?"

"పులితోని మేకను కొట్టబోతే నడుమ సబ్బు అమ్మెటామె వచ్చింది. ఆమె పోయేదాక నా పులి గట్లనే నిలబడ్డది."

"అమ్మ ఫోన్ల వస్తలేదు గదా?"

"పొద్దుగాల రాలే," అంది అమ్మ. "మాపటికి వచ్చింది. మల్ల గదే మోకాళ్ళ నూనె."

ఇక నా ఉద్యోగ జీవితంలో నేర్చుకున్నదంతా బయటికి తీశాను. డబ్బాను ఆపి మళ్ళీ పెట్టాను. వైరు మార్చాను. కిటికీ దగ్గర పెట్టాను, ఫ్రిజ్ మీద పెట్టాను. "దేవుని అర్రల పెట్టురాదు, ఆయనే చూసుకుంటడు" అని అమ్మ అంటే అక్కడా పెట్టాను. ప్రకటన ఒక ఫోన్లో వచ్చేది, పక్క ఫోన్లో వచ్చేది కాదు. పొద్దున ఆగేది, సాయంత్రం వచ్చేది. నేను పక్కన నిలబడి చూస్తే రాదు, వెనక్కి తిరిగితే వస్తుంది. నన్ను ఏడిపించడానికే ఎవరో కూర్చుని నడిపిస్తున్నారేమో అని కూడా అనిపించింది.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. శంషాబాద్‌లో తప్ప మరెక్కడా ఇంత గొప్ప ఆలోచన ఎవరికీ రాదు. మా మిద్దె మీదుగా విమానాలు దిగుతుంటాయి. విమానం పోయినప్పుడు వైఫై చెదిరిపోయి, ఆ సందులోంచి ప్రకటన లోపలికి వస్తోందని తేల్చాను.

"బాపు, నువ్వు మిద్దె మీద కూసో. విమానం రాంగనె కేకెయ్యి. నేను కింద ఫోన్లు చూస్త."

"ఇన్నేండ్లకెల్లి చూస్తున్నం, విమానాలు మనకు కొత్తనారా?"

"కొత్త గాదు బాపు, రాసుకోవాలె."

బాపు తలకు తువ్వాల చుట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని మిద్దె ఎక్కాడు. నేను నాలుగు ఫోన్లు చాప మీద పరిచి, నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను.

"వచ్చింది" అని పైనుంచి కేక వినబడగానే ఫోన్లు చూసేవాణ్ణి. ఏదో ఒక దాంట్లో ప్రకటన కనబడేది, రాసేవాణ్ణి. రెండు గంటల్లో నోటుబుక్కు పేజీ నిండింది. ప్రతి విమానానికీ ఒక ప్రకటన, లెక్క సరిపోయింది. విమానం లేనప్పుడు కూడా ప్రకటనలు వస్తున్నాయేమో అని మీకు అనుమానం రావచ్చు. వచ్చే ఉంటాయి. కాని బాపు కేక వేసినప్పుడే కదా నేను చూసేది, రాసేది.

ఆ పేజీ తీసుకెళ్ళి సుజాతకు చూపించాను. ఆమె వేళ్ళకున్న పిండి తుడుచుకుంటూ మొత్తం చదివింది.

"అయితే ఇప్పుడేం జేస్తరు? ఎయిర్‌పోర్టును జర అవుతలికి జరపమంటరా?"

"నవ్వకు. సమస్య యాడున్నదో దొరికింది, ఇగ పరిష్కారమే మిగిలింది."

"మామయ్యను కిందికి పిలువుండ్రి ముందు. ఎండల కూసున్నడు పాపం."

పరిష్కారం కూడా నేనే కనిపెట్టాను. ఇంటర్నెట్టులో నిషేధ జాబితాలు దొరుకుతాయి. ఫలానా ఫలానా పేర్లు ఆపేయండి అని పుణ్యాత్ములు తయారు చేసి పెట్టినవి. ప్రకటన కనబడిన ప్రతిసారీ ఒక కొత్త జాబితా తెచ్చి డబ్బాలో పోశాను. ఎవరు రాశారో, ఎందుకు రాశారో చూడలేదు. జాబితా ఎంత పొడుగుంటే అంత మంచిదనుకున్నాను. వారం తిరిగేసరికి మా డబ్బా లోపల లక్షల పేర్లు చేరాయి. ప్రకటనలు మాత్రం హాయిగా వస్తూనే ఉన్నాయి.

ఇక మిగిలింది మా పై పోర్షన్లో కిరాయికి ఉండే యూసుఫ్ భాయ్ మీద అనుమానం. బస్టాండు దగ్గర ఆయనకు ఫోన్లు బాగు చేసే దుకాణం ఉంది. ఆయనా మా వైఫైనే వాడతాడు. ఒక గురువారం పొద్దున, నాకు వారపు సెలవు రోజు, మెట్ల మీద పట్టుకున్నాను.

"భాయ్, ఏమనుకోకు. మీ ఫోన్లకెల్లి ప్రకటనలు కిందికి దిగుతున్నయేమో అని డౌట్."

యూసుఫ్ భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అది నీళ్ళ ట్యాంకా భాయ్, కారనీకి? పా, జర నీ రూటర్ చూపెట్టు."

హాల్లో కూర్చుని రూటర్ సెట్టింగులు తెరిచాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఈ రెండో గడిల ఉన్నది ఎవరు?"

"స్టాండ్‌బై."

"స్టాండ్‌బై ఎప్పుడు పని చేస్తది?"

"మొదటిది ఆగిపోయినప్పుడు."

"గట్లని ఫోన్లకు ఎవరు చెప్పిండ్రు భాయ్? ఫోను ఒకసారి ఈయన్ని అడుగుతది, ఒకసారి ఆయన్ని అడుగుతది. ఎవరు జల్ది చెప్తే వాళ్ళ మాట వింటది. నీ డబ్బా లేదు పో అంటది. రెండో ఆయన రా బిడ్డా, ఇగో చిరునామా అంటడు."

మంచం మీద పులి-మేక ఆడుతున్న బాపు తల ఎత్తాడు. "అంటే వీని పెండ్లిల బ్యాండ్ల లెక్కనా?"

"బిల్కుల్ గంతే పెద్దాయనా," అన్నాడు యూసుఫ్ భాయ్.

బాపుకు ఒక్క మాటలో అర్థమైంది, నాకు వారం పట్టింది. రెండో గడి ఖాళీ చేశాం. ఫోన్లన్నిటి వైఫై ఒకసారి ఆపి పెట్టాం. అంతే. బాపు వరుసగా మూడు ఆటలు ఆడాడు, సబ్బు అమ్మే ఆమె రాలేదు. అమ్మ పంచాంగం తెరవగానే రాహుకాలం దర్శనమిచ్చింది. డబ్బా ఎవరెవరిని ఆపిందో చూపించే పేజీ తెరిస్తే ఎర్రటి గీతలు బారులు తీరాయి. నిజం చెబుతున్నాను, పాప పుట్టిన రోజు తర్వాత నేను అంత సంతోషపడింది ఆ రోజే. యూసుఫ్ భాయ్ చాయ్ తాగి దుకాణానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు, "ఆ జాబితాలు జర తగ్గించు భాయ్, పనికొచ్చేవి గూడ ఆగుతయి" అన్నాడు. ఆ మాట నేను వినలేదు. విన్నాననుకోండి, విననట్టు ఉన్నాను.

పదిన్నరకు సుజాత వంటింట్లోంచి ఫోను పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇగో చూడుండ్రి, ఇంటర్వ్యూకు పిలిచిండ్రు. ఇయ్యాల పన్నెండు గంటల లోపట ఈ బటన్ నొక్కి టైము ఖాయం చేసుకోమన్నరు. లేకుంటే వేరేటోళ్ళకు ఇస్తరంట."

"మరి నొక్కు."

"నొక్కుతున్న. తెరుస్తలేదు."

నేను తీసుకుని నొక్కాను. పేజీ రాలేదు. వెంటనే డబ్బా పేజీ తెరిచి చూశాను. ఆ బటన్ వెనక ఉన్న పేరు మీద ఎర్రటి గీత. నా డబ్బా దాన్ని గేటు దగ్గరే ఆపేసింది. నాకు ఒళ్ళు పులకరించింది. బాగుపడిన గంటకే ఎంత పెద్ద దొంగను పట్టింది నా డబ్బా అనుకున్నాను.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలు ఇప్పిస్తామని మోసం చేసేవాళ్ళు మా చుట్టుపక్కల ఎప్పుడూ తిరుగుతుంటారు. కరెంటు స్తంభాలకు కాగితాలు అంటిస్తారు, ఫోన్లకు సందేశాలు పంపుతారు. అటువంటిది ఏది వచ్చినా అటు తుక్కుగూడ నుంచి ఇటు పహాడీ షరీఫ్ దాకా తెలిసినవాళ్ళు నాకే చూపిస్తారు. "మల్లేశన్నా, ఇది అసలుదా?" అని అడుగుతారు. నేను కళ్ళు చిన్నవి చేసి చూసి, కాదని చెబుతాను. ఆ పెద్దరికం నాకు చాలా ఇష్టం.

"సుజాతా, ఇది మోసం," అన్నాను.

"మోసమేంది? నేను దరఖాస్తు పెట్టిన సంస్థనే. నా పేరుంది, నా డిగ్రీ ఏడాది గూడ ఉంది."

"మోసగాళ్ళకు పేరు తెల్వదా? గదే వాళ్ళ పని."

"మొన్న ఇదే కంపెనీ మెయిల్ వచ్చింది. అప్పుడు గిట్లనే బటన్ నొక్కితే మంచిగ తెరుచుకున్నది. పరీక్ష గూడ రాసిన."

"మొన్న నా డబ్బా సరిగ్గ లేదు గదా. ఇయ్యాల సరిగ్గ ఉంది గనుక దొరికింది."

పాఠకులారా, ఆ వాదన ఇప్పటికీ నాకు ముచ్చటగానే ఉంటుంది. ఎటు నుంచి వచ్చినా గెలిచేది నేనే. సుజాత ఆ మెయిలును మళ్ళీ తెరిచి చూపించబోయింది. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని ఆ మెయిలును నేనే తుడిచేశాను. ఇక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. కాలనీ గ్రూపులో ఆ సంస్థ పేరు రాసి, "ఈ పేరుతో ఎయిర్‌పోర్టు ఉద్యోగమని మోసం మెయిళ్ళు వస్తున్నాయి. బటన్ నొక్కి మోసపోకండి. నేను స్వయంగా పరీక్షించి తేల్చాను. ఇట్లు మల్లేశ్, ఎయిర్‌పోర్టు సూపర్‌వైజర్" అని పెట్టాను. నిమిషంలో పదిమంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఆ గర్వంతో స్కూటరు తీసి బస్టాండుకు బయలుదేరాను, యూసుఫ్ భాయ్‌కి చెప్పకపోతే ఎట్లా?

సుజాత గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నన్ను ఆపలేదు, తిట్టలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. పన్నెండేళ్ళ సంసారంలో ఆమె మౌనం ఒక్కసారి కూడా ఒప్పుకోలు కాలేదని అప్పుడు గుర్తు రాలేదు.

యూసుఫ్ భాయ్ ఎవరిదో ఫోను విప్పి పెట్టుకుని ఉన్నాడు. నేను జరిగిందంతా చేతులు తిప్పుతూ చెప్పి, ఆ ఎర్రగీత పడిన పేరు నా ఫోన్లో చూపించాను. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"భాయ్, ఇది దొంగ కంపెనీ గాదు. పెద్ద పెద్ద సంస్థలు మెయిళ్ళు పంపనీకి వీళ్ళను పెట్టుకుంటయి. ఎవరు బటన్ నొక్కిండ్రు, ఎవరు నొక్కలేదు అని వీళ్ళు లెక్కబెడతరు. అందుకే బటన్ ముందుగాల వీళ్ళ కాడికి పోయి, అక్కడికెల్లి అసలు పేజీకి పోతది. మా బ్యాంకు మెయిళ్ళు గూడ వీళ్ళ నుంచే వస్తయి."

"మరి నా జాబితాల ఎందుకున్నది?"

"లెక్కబెట్టేటోళ్ళందరినీ ఆపుమని ఎవడో రాసిండు, నువ్వు తెచ్చి పోసినవ్. పొద్దుగాల చెప్పిన గదా, పనికొచ్చేవి గూడ ఆగుతయని." గోడ గడియారం వైపు చూశాడు. "ఎన్ని గంటల లోపట అన్నవ్?"

పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. సుజాతకు ఫోను చేశాను, వేరే కాల్లో ఉందన్నది. మళ్ళీ చేశాను, అదే మాట. స్కూటరు ఎక్కాను. లగ్గాల రోజులు, దారిలో ఫంక్షన్ హాలు ముందు కార్లు అడ్డదిడ్డంగా ఆపి ఉన్నాయి. హారను కొడుతూ, బతిమాలుతూ, ఒకచోట స్కూటరు దిగి తోసుకుంటూ పోయాను. కుక్కరుకు రెండు భాషల్లో సర్దిచెప్పిన మనిషి కళ్ళముందు కనిపిస్తోంది. పదేళ్ళు ఆగినామె. ఆ మెయిలును నా చేత్తో తుడిచాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇల్లు చేరేసరికి పన్నెండు దాటి ఐదు నిమిషాలు.

సుజాత గేటు బయట మెట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో ఫోను.

"సుజాతా, నేను..." స్కూటరును గోడకు ఆనించాను. "అది మోసం గాదు. నాదే తప్పు. టైము అయిపోయింది గదా?"

"మీరు స్కూటరు చాలు చేసి పోయిన నిమిషానికే నొక్కిన."

"ఎట్ల? నేను తుడిచేసిన గదా."

"చెత్తబుట్టలకెల్లి తీసిన. ఇంట్ల వైఫైతోని తెరుస్తలేదు గదా అని గేటు బయటికొచ్చి, వైఫై బంద్ చేసి, నా సిమ్ము నెట్టు పెట్టుకొని నొక్కిన. సోమవారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. తర్వాత వాళ్ళే ఫోన్ జేసిండ్రు, ఇప్పటిదాక మాట్లాడుతున్న, సర్టిఫికెట్లు ఏమేం తేవాల్నో చెప్పిండ్రు."

"మరి నాకు అప్పుడే చెప్పొచ్చు గదా?"

"చెప్తే వింటుండ్రా? గంటసేపు మీతోని కొట్లాడుదునా, ఒక్క నిమిషంల పని చేసుకుందునా?"

నేను కూడా ఆ మెట్టు మీదే కూర్చున్నాను. నా భార్య నా కన్నా తెలివైనదని నాకు ఎప్పుడో తెలుసు, కాని ఆ మధ్యాహ్నం అది తెలిసినంత హాయిగా ఎప్పుడూ తెలియలేదు. లోపలికి వెళ్ళి జాబితాలన్నీ తీసేసి ఒక్క చిన్నది ఉంచాను. కాలనీ గ్రూపులో నా మాట తప్పని, ఆ సంస్థ అసలుదేనని, క్షమించమని రాశాను. దానికి ఎవరూ చేతులు జోడించలేదు. పైగా మొదటి సందేశం అప్పటికే కాలనీ దాటి పోయింది. మామిడిపల్లిలో ఉండే మా చిన్నాయన దాన్ని నాకే పంపి, "జాగ్రత్త బిడ్డా" అన్నాడు.

సోమవారం సుజాతను నేనే స్కూటరు మీద దింపాను. గంట తర్వాత బయటికి వచ్చింది. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. ఏమైందో దారిలో చెప్పలేదు. ఇంటికి వచ్చి, బాపునూ అమ్మనూ యూసుఫ్ భాయ్‌నూ కూర్చోబెట్టి చెప్పింది.

లోపల ఒక మేడం అన్నీ అడిగిందట. భాషలు, పాత ఉద్యోగం, ఇన్నాళ్ళు ఎందుకు ఖాళీ వచ్చింది, అన్నీ. చివరికి తన ఫోను తీసి టేబుల్ మీద పెట్టిందట. "మా సంస్థే మోసమని ఎవరో సూపర్‌వైజర్ గారు పెట్టిన సందేశం ఊరంతా తిరుగుతోందమ్మా. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. మా డెస్కు దగ్గరికి కూడా ఇలాంటివాళ్ళు రోజూ వస్తారు. ఏమీ తెలియదు, అన్నీ తెలుసన్న నమ్మకం మాత్రం గట్టిగా ఉంటుంది. ఎంత చెప్పినా వినరు. అలాంటి మనిషితో మీరు ఎలా వ్యవహరిస్తారు?"

"నువ్వేమన్నవ్?" అన్నాను.

"ఏమంట? ఆయనతోని పన్నెండేండ్ల అనుభవం ఉంది మేడం, ఆయన మా ఇంటాయనే అని చెప్పిన."

బాపు మంచం మీద వెనక్కి పడిపోయాడు. యూసుఫ్ భాయ్ చాయ్ కప్పు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మకు పూర్తిగా అర్థం కాలేదు కాని అందరికన్నా ఎక్కువ నవ్వింది.

"మరి మేడం ఏమన్నది?" అని అడిగాడు బాపు, ఊపిరి అందాక.

"ఎప్పటికెల్లి డ్యూటీకి వస్తరని అడిగింది మామయ్యా."

ఇప్పుడామె నీలం చీర కట్టుకుని, పేరున్న బిళ్ళ పెట్టుకుని డెస్కు వెనక నిలబడుతుంది. ఎంత కోపంగా వచ్చిన ప్రయాణికుడైనా ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడి మెత్తబడి పోతాడు. ఆమెకా ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందని తోటివాళ్ళు ఆశ్చర్యపోతారట. ఆ శిక్షణ ఇచ్చింది నేనేనని ఎయిర్‌పోర్టులో కనబడిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను. మొన్న డ్యూటీలో ఉండగా ఒక చిన్న పని మీద ఆ డెస్కు దగ్గరికి వెళ్ళి, భర్తను కదా అని పక్క నుంచి తల దూర్చాను. "సర్, దయచేసి లైన్ల రండి" అంది, ముఖంలో చిరునవ్వు చెదరకుండా. వెళ్ళి ఏడుగురి వెనక నిలబడ్డాను. అంత గర్వంగా నేను ఏ లైన్లోనూ నిలబడలేదు.

ఆ లైన్లో నిలబడే, నా ముందున్న ఏడుగురు ప్రయాణికుల సాక్షిగా, వాళ్ళ సామాన్ల సాక్షిగా మనసులో ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో సుజాతకు వచ్చిన ఏ మెయిలూ నేను తుడవను. ఏది అసలుదో ఏది మోసమో ఎవరడిగినా తేల్చను, సహాయ డెస్కుకు పొమ్మంటాను. అక్కడున్నామె తేలుస్తుంది.